కాలువ త్రవ్వించిన క్లౌ దొర

తెలుగుదేశపు తూర్పు తీరమున, సముద్రమునకు ఇంచుమించు సమాంతరముగా ఒక పొడవైన కాలువ కలదు. కృష్ణా డెల్టా కొసనున్న పెదగంజాము మొదలుకొని చెన్నపట్టణము మీదుగా దక్షిణమునకు సాగు ఈ కాలువకు బకింగ్‌హామ్ కాలువ యని పేరు. దీని పొడవు సుమారు 420 కిలోమీటర్లు. ఇందులో ఒంగోలు ప్రాంతమునందలి మూడున్నర మైళ్ల భాగమును త్రవ్వించినవాడు ప్రభుత్వ ఇంజనీరు కాడు. గుత్తపనులతో ధనము గడించు వర్తకుడును కాడు. ఆయన అమెరికా నుండి వచ్చిన ఒక క్రైస్తవ మతబోధకుడు. ఆకలితో ప్రాణములు విడుచుచున్న పేదలకు పనియు, కూలియు దొరకవలెనని ఆయన ఆ గుత్తను చేపట్టెను. ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. ఒంగోలు ప్రాంతపు ప్రజలకు ఆయన క్లౌ దొర.

క్లౌ 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలో, న్యూయార్కు రాష్ట్రపు పడమటి కొసనున్న ఫ్రూస్‌బర్గు అను చిన్న యూరికి సమీపమున జన్మించెను. ఆయన బాలుడుగా నున్నప్పుడే కుటుంబమునకు గడ్డుదినములు వచ్చినవి. ఆ కాలమున తూర్పు రాష్ట్రములలో బ్రతుకుతెరువు సన్నగిల్లినవారు, చవుకగా దొరకు క్రొత్త భూములను వెదకికొనుచు పడమటి దిక్కునకు వలస పోవుచుండెడివారు. వానలు లేని యేడు మన పల్లెలలో కుటుంబములు మూటాముల్లె కట్టుకొని కదలిపోవుట మన మెరుగుదుము గదా! క్లౌ కుటుంబము కూడ అట్లే మొదట ఇల్లినాయి రాష్ట్రమునకును, పిదప అయోవా రాష్ట్రమునకును తరలిపోయెను.

జాన్ పదునేడేండ్ల ప్రాయముననే సంపాదనకు పూనుకొనవలసి వచ్చెను. ఆ దినములలో అమెరికా ప్రభుత్వము మినెసోటా ప్రాంతపు అడవులను, మైదానములను కొలిపించుచుండెను. డకోటా, ఒజిబ్వే మొదలగు జాతులవారు తరతరములుగా నివసించిన ఆ భూములు ప్రభుత్వము వశమై, వలస వచ్చినవారికి పంచబడుచుండెను. కొలత పనివారి బృందములో జాన్ చేరెను. 100 లంకెలు గల 66 అడుగుల ఇనుప గొలుసు ఆ పనికి ముఖ్యసాధనము. అట్టి గొలుసులు 80 చేరినచో ఒక మైలగును. దిక్సూచి చేతబట్టి, తిన్ననైన గీత తప్పకుండ అడవుల గుండ, చిత్తడి నేలల గుండ గొలుసు లాగుకొనుచు పోవలెను. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు గల చదరములుగా నేలను విభజించి, ఒక్కొక్క చదరమును మరల 36 భాగములుగా గుర్తింపవలెను. చలికాలమున మంచు, వేసవిలో దోమలు. డేరాలలో నివాసము. బలిష్ఠులై మాట వినని పనివారిచే పని చేయించు నేర్పు కూడ అవసరము. జాన్ ఈ విద్యనంతయు శ్రద్ధగా నేర్చి, కొన్ని యేండ్లలోనే ప్రభుత్వ ఉపసర్వేయరు స్థానమునకు వచ్చెను. ఈ విద్య ఎక్కడ, ఎవరికి అక్కరకు వచ్చునో అప్పు డాయన యెరుగడు.

కొంత ధనము కూడబెట్టిన పిమ్మట, న్యాయవాది కావలెనను తలంపుతో ఆయన అయోవా రాష్ట్రములోని బర్లింగ్టను పట్టణమున కళాశాలలో చేరెను. అక్కడ ఆయన మనసు మత విషయముల వైపు మరలెను. న్యాయవాద వృత్తిపై కోరిక తగ్గెను. కొంతకాలము బడిపంతులుగా పనిచేసి, 1862లో అప్పర్ అయోవా విశ్వవిద్యాలయమునుండి పట్టభద్రుడయ్యెను. ఆయన హారియెట్ సండర్లాండు అను యువతిని వివాహమాడెను. ఆమెయు విద్యావంతురాలు, ధైర్యశాలిని. దూరదేశములకు పోయి మతబోధ చేయవలెనను భర్త సంకల్పమునకు ఆమె అడ్డు చెప్పక తోడు నిలిచెను.

ఇచ్చట తెలుగుదేశమున అమెరికా బాప్టిస్టు సంఘమువారి కృషి ఎట్లుండెనో తెలిసికొనవలెను. క్లౌ జన్మించిన 1836లోనే సామ్యుయేల్ డే అను బోధకుడు తెలుగుదేశము చేరెను. 1840లో ఆయన నెల్లూరున స్థిరపడెను. తరువాత లైమన్ జూవెట్ అను పండితుడు వచ్చి చేరెను. ఏండ్లు గడచినను వారి మాట వినినవారు మిక్కిలి కొద్దిమంది. ఫలితము లేని ఈ పనికి ధనము వ్యయము చేయుట వ్యర్థమనియు, నెల్లూరు కేంద్రమును మూసివేయుట మంచిదనియు అమెరికాలోని పెద్దలు ఒకటికి మూడుసార్లు తలపోసిరి. 1862లో స్వదేశమునకు పోయిన జూవెట్ ఆ తలంపును గట్టిగా ప్రతిఘటించెను. తన కెవ్వరును తోడు రాకున్నను తాను తెలుగువారి నడుమనే జీవించి మరణింతునని పట్టుపట్టెను. ఆయన పట్టుదలకు పెద్దలు లొంగి, ఆయనకు సహాయముగా ఒక యువకుని పంపుటకు సమ్మతించిరి. ఆ యువకుడే క్లౌ.

1864 నవంబరు మాసాంతమున క్లౌ దంపతులు జూవెట్‌తో కలిసి బోస్టను రేవులో ఓడ యెక్కిరి. అప్పటికి అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ అంతర్యుద్ధము ఇంకను ముగియలేదు. సూయజు కాలువయు అప్పటికి తెరువబడలేదు. ఓడ ఆఫ్రికా ఖండమును చుట్టివచ్చి, నాలుగు మాసములకు, 1865 ఏప్రిల్‌లో మద్రాసు చేరెను. అక్కడినుండి వారు నెల్లూరునకు వచ్చిరి. క్లౌ వెంటనే తెలుగు నేర్చుటకు ఆరంభించెను. పండితుల వద్ద పుస్తక భాష నేర్చినంతనే తృప్తి చెందక, సంతలలోను, బాటలపైనను జనులు మాటలాడు తెలుగును చెవినిడి నేర్చుకొనెను. మరుసటి యేడు, అనగా 1866లో, దంపతులిద్దరును ఒంగోలున కాపురము పెట్టిరి. ఆనాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణము.

మొదట క్లౌ ఆశలన్నియు పట్టణమునందలి అగ్రవర్ణములవారిపై నుండెను. చదువుకొన్న వారు తన మాట నాలకించినచో తక్కినవారు వారి వెంట నడతురని ఆయన తలంచెను. బ్రాహ్మణుల పిల్లలును, ఇతర పెద్దకులముల పిల్లలును బడికి వచ్చుచుండిరి. పెద్దలు కొందరు సుముఖులుగనే యుండిరి. ఇట్టి సమయమున ఒక అనుకొనని సంగతి జరిగెను.

ఒంగోలునకు పడమరగా సుమారు 40 మైళ్ల దూరమున తాళ్లకొండపాడు అను గ్రామము కలదు. అందు యర్రగుంట్ల పేరయ్య యను నొక మాదిగ కులస్థుడుండెను. తోళ్లు పదను చేయుట, చెప్పులు కుట్టుట, బావుల నుండి నీరు తోడు కపిలబానలు కుట్టుట మాదిగల కులవృత్తులు. రైతునకు వారి పని లేనిదే సేద్యము సాగదు. అయినను వారి యిండ్లు ఊరికి వెలుపల. ఊరి బావిలో నీరు తోడుటకు వారికి హక్కు లేదు. పిలిచినప్పుడెల్ల వెట్టిచాకిరి చేయవలెను. పేరయ్య తోళ్ల వర్తకము చేయుచు అనేక గ్రామములు తిరిగినవాడు. సత్యాన్వేషణ మనస్సున గలవాడై యోగులను, గురువులను ఆశ్రయించినవాడు. ఆయన 1866లో క్రైస్తవమతమును స్వీకరించి, తనవారికి బోధింప మొదలిడెను. 1867 జనవరిలో క్లౌ ఆ గ్రామమునకు పోగా, ఒకే పర్యాయము 28 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ వార్త ఒంగోలు చేరగనే పెద్దకులములవారు ఆగ్రహించిరి. మాదిగలను చేర్చుకొన్నచో తాము రాజాలమనియు, తమ పిల్లలను బడికి పంపమనియు స్పష్టముగా తెలిపిరి. క్లౌ ఎదుట రెండు దారులు నిలిచినవి. ఒక దారిని పోయినచో పట్టణమున గౌరవము, నిండిన బడి, పెద్దల స్నేహము లభించును. రెండవ దారిలో నున్నవారు చేత చిల్లిగవ్వ లేనివారు, అక్షరము రానివారు, ఊరు వెలివేసినవారు. ఏమి చేయుటకును తోచక ఆయన తన గదిలోనికి పోయి బైబిలు తెరచెను. దీనులను, అల్పులుగా ఎంచబడినవారినే దైవము ఎన్నుకొనెనని తెలుపు భాగము కంటబడెను. ఆ సమయముననే వేరొక గదిలో హారియెట్ కూడ అదే విషయమును గూర్చి మథనపడుచు గ్రంథము తెరువగా, ఆమెకును ఆ భాగమే కనబడెను. ఇద్దరును ఒకరి తలంపు నొకరు తెలిసికొని ఆశ్చర్యపడిరి. దారి నిశ్చయమయ్యెను. బడి నుండి పెద్దకులముల పిల్లలు వెడలిపోయిరి. క్లౌ వెనుదీయలేదు.

నాటినుండి ఆయన జీవితము పల్లెల వెంట నడచెను. గుఱ్ఱముపైనను, ఎద్దుబండిపైనను ఊరూరు తిరిగి, చింతతోపులలో డేరా వేసికొని, మాలపల్లెలలోను మాదిగపల్లెలలోను కూర్చుండి వారి కష్టసుఖములు వినుచుండెను. పేదలపై గ్రామాధికారులు దొంగతనములు మోపినను, వెట్టికి రాలేదని కొట్టినను, విషయమును పైయధికారులకు తెలిపి న్యాయము చేయింప యత్నించెడివాడు. ఆయన ఇట్లు నెలల తరబడి తిరుగుచుండగా, ఒంగోలులో బడులను, వసతిగృహమును, స్త్రీల చదువును హారియెట్ నడుపుచుండెను. నాలుగక్షరములు నేర్చిన యువకులు తమ పల్లెలకు పోయి పంతులైరి. తరతరములుగా పలక పట్టి యెరుగని యిండ్లలో చదువు ప్రవేశించెను. 1872లో క్లౌ స్వదేశమునకు పోయి, రామాయపట్నమున బోధకులకు విద్య గరపు పాఠశాల కొరకు నిధి సేకరించి, 1874లో మరల ఒంగోలు చేరెను.

అంతలో కరువు వచ్చెను.

1876వ సంవత్సరమున వానలు కురియలేదు. అది ధాత నామ సంవత్సరమగుటచే తెలుగువారు దానిని ధాత కరువని నేటికిని చెప్పుకొందురు. మరుసటి యేడును వానలు సరిగా లేవు. చెరువులెండి బీటలు వారినవి. పశువులు గుంపులుగా చచ్చినవి. ధాన్యపు ధరలు మిన్నంటినవి. రైలుమార్గములు, ఓడరేవులు ఉన్నను ధాన్యము ధర ఎక్కువగా పలుకు చోటికే పోయెను గాని ఆకలి ఎక్కువగా నున్న చోటికి రాలేదు. దేశమునుండి విదేశములకు ఎగుమతులును ఆగలేదు. 1877 జనవరి 1వ తేదీన రాజప్రతినిధి లిట్టను ప్రభువు విక్టోరియా రాణికి చక్రవర్తిని బిరుదము ప్రకటించుటకు ఢిల్లీలో వైభవముగా దర్బారు జరిపెను. ఆ దినములలోనే దక్షిణదేశమున జనులు బాటల ప్రక్కన కూలి మరణించుచుండిరి. 1878 వరకు సాగిన ఆ కరువునందు మరణించినవారు అర కోటికి మించిరని చరిత్రకారుల అంచనా.

ప్రభుత్వము కరువు పనులను ఆరంభించెను. అయితే వ్యయము తగ్గింపవలెనను ఉద్దేశముతో సర్ రిచర్డు టెంపుల్ అను అధికారి కూలిని తగ్గించెను. దినమంతయు మట్టిపని చేసిన పురుషునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును, ఒక అణాయును కూలి. స్త్రీలకును, పిల్లలకును అంతకన్న తక్కువ. బలమైన ఆహారము లేక డస్సిన మనుష్యుడు ఆ మాత్రపు తిండితో మట్టిపని చేసి బ్రతుకజాలడని మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ లెక్కలు చూపి వాదించెను. కొన్ని మాసములకు గాని ఆ కూలి పెరుగలేదు. ఇది చాలదన్నట్లు, పని జరుగు చోట్ల కలరా వ్యాపించెను. పైవిచారణ చేయువారు అంటరానివారిని తిట్టి కొట్టుటయు, కూలిలో కోత విధించుటయు జరుగుచుండెను. మాదిగలు ఎంత దూరము నడచి పనికి పోయినను న్యాయమైన కూలి చేతికి వచ్చు నమ్మకము లేకపోయెను.

ఒంగోలులో క్లౌ బంగళా ఆవరణము ఆకలిగొన్న జనముతో నిండిపోయెను. వచ్చినవారి కెల్ల గింజలు పంచుచు పోయినచో ఎన్ని దినములు పంచగలడు? పంచుటకు తనవద్ద ఏమి కలదు? ఇట్లు ఆలోచించుచున్న తరుణమున, సముద్రతీరపు కాలువను ప్రభుత్వము కరువు పనిగా త్రవ్వించుచున్నదని ఆయనకు తెలిసెను. ఈ కాలువ అప్పటికే మద్రాసునుండి ఉత్తరముగా కొంతవరకు కలదు. దానిని పొడిగించి కృష్ణా కాలువలతో కలుపవలెనని ప్రభుత్వ సంకల్పము. అందులో మూడున్నర మైళ్ల భాగమును తాను త్రవ్వింతునని క్లౌ గుత్త తీసికొనెను.

మూడున్నర మైళ్లనగా 280 గొలుసులు. మినెసోటా అడవులలో నేర్చిన విద్య ఇప్పుడు ఒంగోలు ఇసుకనేలలో అక్కరకు వచ్చెను. కాలువ పటములు ప్రభుత్వ ఇంజనీర్లవి. ఆ పటములను చదువుట, గీత తప్పక నేలపై గుర్తులు నాటుట, లోతును వెడల్పును సరిచూచుట, త్రవ్విన మట్టిని లెక్కగట్టుట, వేలమంది పనివారిని క్రమములో నుంచుట—ఇవన్నియు క్లౌకు చిరపరిచితములు. ఆయన కాలువ ప్రక్కనే పాకలు వేయించి తానును అక్కడనే నివసించెను. తన యొద్దనున్న తెలుగు బోధకులనే పైవిచారణకర్తలుగా నియమించెను. ఒక్కొక్కరి చేతి క్రింద ఒక్కొక్క గుంపు. కూలివారి భాషయు, బాధయు వారికి తెలియును. వారును ఆ పల్లెలనుండియే వచ్చినవారు గదా!

మా దొర కాలువలో పని దొరకునను వార్త పల్లెపల్లెకు ప్రాకెను. ఎముకలపై చర్మము మాత్రము మిగిలినవారు, చంకన బిడ్డలతో స్త్రీలు, కఱ్ఱల ఆసరాతో వృద్ధులు దూరప్రాంతములనుండి నడచివచ్చిరి. దారిలోనే ఒరిగినవా రెందరో. చేరినవారిలో బలముగలవారు పలుగు పట్టి త్రవ్విరి. స్త్రీలును, పిల్లలును తట్టలతో మట్టి మోసిరి. త్రవ్విన గుంత కొలిచి, కొలతకు తగిన కూలిని లెక్క తప్పక చేతికి ఇచ్చుచుండిరి. తిట్లు లేవు, దెబ్బలు లేవు, కోతలు లేవు. కులభేదము లేక వచ్చినవారికెల్ల పని దొరకెను. అక్కడను రోగములు రాకపోలేదు, మరణములు జరుగకపోలేదు. అయినను వేలమంది ఆ మూడున్నర మైళ్ల నేలపై పనిచేసి ప్రాణములు నిలుపుకొనిరి. వారు తిన్నది భిక్ష కాదు. తమ చెమటతో సంపాదించిన కూడు. తరతరములుగా వెట్టి చేసిన చేతులలో న్యాయమైన కూలి పడుట వారిలో ననేకులకు అదియే మొదటిసారి.

సాయంకాలము పని ముగిసిన తరువాత అలసిన జనులు బోధకుల చుట్టును గుమిగూడి కూర్చుండెడివారు. తమ కష్టములు చెప్పుకొనెడివారు. వారి బోధలు వినెడివారు. అనేకులు క్రైస్తవమతమున చేరుదుమని కోరిరి. ఇచ్చట క్లౌ చేసిన పని ఆయన శీలమును తెలుపును. కరువు కాలమున మతము మారువాడు అన్నము కొరకు మారెనో, విశ్వాసము చేత మారెనో ఎవ్వరును చెప్పజాలరు. అన్నమును ఎరగా చూపి మతము నిచ్చుట అన్నమునకును, మతమునకును అవమానమే. అందుచే ఆయన కరువు సహాయము జరిగినంత కాలము, ఇంచుమించు పదునైదు మాసములు, ఒక్కరికిని బాప్తిస్మము ఇయ్యనీయలేదు. అడిగినవారినెల్ల మరల్చి పంపెను. లండను నగర మేయరు పూనికతో వసూలైన సహాయనిధి మద్రాసు రాజధానికి వచ్చినప్పుడు, దాని పంపిణీలోను ఆయన పాల్గొనెను. దానిని పొందుటకు ఆకలియే అర్హత గాని మతము కాదు.

1878లో వానలు కురిసినవి. పొలములు దున్నబడినవి. సహాయపు పనులు ముగిసినవి. ఇక ఇచ్చుటకు తనవద్ద పనియు లేదు, ధనమును లేదు, ఎవ్వరును రానక్కర లేదని క్లౌ తెలియపరచెను. అయినను జనులు వచ్చిరి. జూలై 2, 3, 4 తేదీలలో ఒంగోలునకు ఉత్తరముగా గుండ్లకమ్మ నదీతీరమునందలి వెల్లంపల్లి యొద్ద 3,537 మంది బాప్తిస్మము పొందిరి. అందు 2,222 మంది జూలై 3వ తేదీ ఒక్కదినముననే పొందిరి. ఆ దినమున నదిలో నిలిచి ఆ కార్యము నడిపినవారు ఆరుగురు తెలుగు బోధకులు. క్లౌ ఒడ్డున నిలిచి పర్యవేక్షించెను. ఈ వార్త అమెరికాలోను, ఐరోపాలోను సంచలనము కలిగించెను. ఇంతమంది అన్నము కొరకే వచ్చి యుందురని సందేహించినవారును గలరు. వారికి క్లౌ చూపిన సమాధానము ఆ పదునైదు మాసముల నిరీక్షణమే.

కరువు గడచిన పిమ్మట ఒంగోలు ప్రాంతమున బడుల సంఖ్య పెరిగెను. పట్టణమున హైస్కూలు వెలసెను. పూర్వము మాదిగ పిల్లల ప్రక్కన కూర్చుండమని వెడలిపోయిన కులములవారును క్రమముగా తమ పిల్లలను పంపిరి. అయితే కులభేదము ఒక్కనాట సమసిపోలేదు. క్రైస్తవులైన పిమ్మటను పేదలు గ్రామములలో బాధలు పడుచునే యుండిరి. ఒక మనుష్యుని జీవితకాలమున తీరు ఋణము కాదది.

హారియెట్ మరణానంతరము, 1894లో క్లౌ ఎమ్మా రౌషెన్‌బుష్ అను విదుషీమణిని వివాహమాడెను. ఆమె తండ్రి ఆగస్టు రౌషెన్‌బుష్ జర్మనీనుండి వచ్చి రాచెస్టరు నగరమున ఆచార్యుడుగా పనిచేసినవాడు. ఎమ్మా 1882 నుండి మద్రాసున బోధకురాలుగా పనిచేసెను; స్త్రీల హక్కుల కొరకు పోరాడిన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్టును గూర్చి పరిశోధించి గ్రంథము ప్రకటించెను. ఆమె ఒంగోలు ప్రాంతపు మాదిగ వృద్ధుల చెంత కూర్చుండి, వారి గురువుల కథలను, ఆచారములను, జ్ఞాపకములను వినివ్రాసి, 1899లో ఒక పుస్తకముగా వెలువరించెను. చెప్పులు కుట్టువారి బ్రతుకును వారి నోటనే విని వ్రాసిన తొలిగ్రంథములలో అది యొకటి.

ఎమ్మా తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్ అమెరికాలో ప్రసిద్ధుడు. న్యూయార్కు నగరపు పేదవాడలలో బోధకుడుగా పనిచేసి, మతము మనుష్యుని పరలోకమునే గాక ఇహలోకమున అతని కూలిని, ఇంటిని, ఆరోగ్యమును కూడ పట్టించుకొనవలెనని ఆయన వాదించెను. ఆయన రచనలు పిమ్మట నీగ్రో ప్రజల హక్కులకై పోరాడిన మార్టిన్ లూథర్ కింగును ప్రభావితుని చేసినవి. ప్రసిద్ధ తత్త్వవేత్త రిచర్డు రోర్టీ ఈ వాల్టర్ కుమార్తె కుమారుడు. ఇట్లు ఒంగోలు పల్లెలకును, అమెరికా దేశపు భావచరిత్రకును ఒక కుటుంబము నడుమ వంతెనగా నిలిచెను.

ముదిమి యందు క్లౌ క్రిందపడి గాయమై నడక కోల్పోయెను. ఊరూరు తిరిగిన మనుష్యుడు కుర్చీకి అంటిపెట్టుకొనవలసి వచ్చెను. అప్పుడు ఆయన తన జీవితకథను చెప్పుచుండగా ఎమ్మా వ్రాసికొనెను. ఆ కథ అచ్చులో చూచుటకు ఆయన బ్రతికి యుండలేదు. చివరిదినములలో స్వదేశమునకు మరలి, 1910 నవంబరు 24వ తేదీన రాచెస్టరు నగరమున తన 74వ యేట కన్నుమూసెను. ఆయన కథ 1914లో గ్రంథముగా వెలువడెను. ఒంగోలులో ఆయన పేర ఒక ఆసుపత్రి నెలకొల్పబడెను.

క్లౌ త్రవ్వించిన భాగము పెద్ద కాలువలో కలిసిపోయెను. కరువు నాటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు ఆ కాలువకు పెట్టబడెను. చాలకాలము దానిపై పడవలు ఉప్పును, బియ్యమును, కట్టెలను మోసినవి. 1899లో గూడూరు, బెజవాడల నడుమ రైలుమార్గము ఏర్పడిన పిమ్మట పడవల రాకపోకలు క్రమముగా తగ్గినవి. తుపానులు గట్లను కోసినవి. ఒండ్రు మట్టి పూడెను. జనులు దానిని ఇంచుమించు మరచిరి. అయితే 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చి సముద్రము తీరముపై విరుచుకొని పడినప్పుడు, పొంగివచ్చిన అలలలో కొంతభాగమును ఆ పాత కాలువ తనలోనికి ఇముడ్చుకొనెను. దానిచే అనేక చోట్ల కాలువ వెనుకనున్న పల్లెలపై అలల తాకిడి తగ్గెను. కరువున ఆకలితో చచ్చుచున్నవారిని బ్రతికించుటకు త్రవ్విన కాలువ, 126 సంవత్సరముల తరువాత సముద్రపు వాత పడనున్నవారిని కాపాడెను.

కాలువకు గవర్నరు పేరు నిలిచెను. గొలుసు పట్టి కొలిచిన క్లౌ పేరు ఆ నీటిపై వ్రాయబడలేదు. గడ్డపార పట్టి త్రవ్విన వేలమంది పేర్లు ఎక్కడను లేవు. బ్రతుకుతెరువు కొరకు నేర్చిన విద్య పరుల ప్రాణములు నిలుపుటకు వినియోగపడినప్పుడే అది సార్థకమగును. ఆకలిగొన్నవానికి అన్నముతోపాటు గౌరవమును దక్కించినవాడే నిజమైన ఉపకారి. క్లౌ జీవితము ఈ రెండు సత్యములకును తార్కాణము.